తుడిచిన చుక్కలనే మళ్లీ పోగేస్తూ

నలభై ఏళ్లు టీవీ మెకానిక్‌గా నా పని తెర మీద చుక్కలు పోగొట్టడం. "బొమ్మ రావట్లేదండీ, అన్నీ చుక్కలే" అంటూ వచ్చినవాళ్ల సెట్టు వెనక మూత విప్పి, ట్యూనర్ చూసి, యాంటెన్నా వైరు చూసి, చుక్కలు తగ్గేదాకా వదిలేవాణ్ణి కాదు. పోయినేడు మా అన్నయ్య మనవరాలు షికాగో నుంచి సెలవులకు వచ్చింది. అక్కడ కళ చదువుతోంది. సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. దాని నిండా నాబ్‌లు, సాకెట్లు, రంగురంగుల ప్యాచ్ వైర్లు. కెమెరా లేకుండా, వట్టి వోల్టేజీలతో తెర మీద బొమ్మ పుట్టించే వీడియో సింథసైజర్ అది.

"చిన్నతాతయ్యా, దీనికి చుక్కలు పుట్టించే మాడ్యూల్ ఒకటి కావాలి. మంచి చుక్కలు కావాలి" అంది.

మంచి చుక్కలు అన్న మాట నా చెవికి కొత్త. ఆరు నెలల్లో ఐదు బోర్డులు కట్టాక దాని అర్థం తెలిసింది. ఈ దారిలో కొత్తగా అడుగుపెట్టే పిల్లల కోసం, నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

1. చుక్కలంటే ఏమిటో ముందు కళ్లారా చూడండి.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సైట్ ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. మన ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింట్లో ఒకటి. నాకప్పుడు పదహారేళ్లు. కోళ్ల గూటికి కట్టే జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా కింద ఊరంతా కూర్చునేది. కార్యక్రమం అయిపోయాక అందరూ లేచి వెళ్లిపోతే, నేను ఆ ఖాళీ తెర ముందే ఉండిపోయేవాణ్ణి. నల్లవీ తెల్లవీ గింజలు మరిగే నీళ్లలా కదిలేవి. ఒక క్షణం కనిపించిన పోలిక మరుక్షణానికి ఉండేది కాదు.

ఆ గింజల్లో ఎక్కువ భాగం సెట్టులోని మొదటి ఆంప్లిఫయర్‌లోనే పుడుతుంది. ఏ వాహకంలోనైనా వేడికి ఎలక్ట్రాన్లు అటూ ఇటూ కదులుతూ ఉంటాయి కదా, దాన్నే సెట్టు లక్షల రెట్లు పెంచి చూపిస్తుంది. చాలా చిన్న భాగం ఆకాశం నుంచి వస్తుంది. విశ్వం పుట్టినప్పటి వేడిలో మిగిలిన ఆ రేడియో తరంగాల్ని పెంజియాస్, విల్సన్ అమెరికాలో కొమ్ము ఆకారపు యాంటెన్నాతో పట్టుకుని 1965లో లోకానికి చెప్పారు. 1978లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మనం పోగొట్టాలని చూసేదాంట్లో కూడా ఇంత ఉంటుంది.

2. చెవికి పనికొచ్చే నాయిస్ కంటికి పనికిరాదు.

నా మొదటి బోర్డు ఆడియో సింథసైజర్ల కోసం గీసిన పాత సర్క్యూట్. స్పీకర్‌కి కలిపితే వాన కురిసినట్టు చక్కగా వినిపించింది. తెరకు కలిపితే గింజలకు బదులు అడ్డగీతలు వచ్చాయి, నేత చీర పొడుగునా పోగులు తప్పినట్టు. పిల్ల మొహం చిన్నబోయింది.

కారణం లెక్కలో ఉంది. మన పాల్ పద్ధతిలో ఫ్రేముకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు, అంటే సెకనుకు 15,625 గీతలు. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అందులో బొమ్మ కనిపించేది దాదాపు 52. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు కాబట్టి ఆడియో సర్క్యూట్ అక్కడితో ఆగిపోయినా ఎవరికీ లోటు తెలియదు. కానీ 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఒక గీత పొడుగునా ఒక్కసారి పైకి, ఒక్కసారి కిందకి పోయేసరికి గీత అయిపోతుంది. అంతకంటే నెమ్మదైన సిగ్నల్ అయితే గీతంతా ఇంచుమించు ఒకే రంగు. అందుకే చారలు.

గింజ వెడల్పును ఇలా లెక్కేసుకోండి. సిగ్నల్‌లో సగం ఊపు ఒక గింజ. 5 మెగాహెర్ట్జ్‌లో సగం ఊపు 0.1 మైక్రోసెకను, అంటే తెర అడ్డంగా సుమారు 520 గింజలు. 500 కిలోహెర్ట్జ్ అయితే 52. 50 కిలోహెర్ట్జ్ అయితే ఐదు. ఈ మూడు అంకెలు నా బల్ల ఎదుట గోడ మీద రాసి పెట్టుకున్నాను. పిల్ల "ఇసకలా కావాలి, మబ్బులా కావాలి" అంటే ఆ గోడ చూసి కండెన్సర్ మార్చేవాణ్ణి.

3. ట్రాన్సిస్టర్‌ని తలకిందులుగా వాడేటప్పుడు ఒక్కదాన్ని నమ్ముకోవద్దు.

నాయిస్ పుట్టించడానికి అందరూ వాడే ఉపాయం: మామూలు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ని వదిలేసి, ఎమిటర్‌కి ప్లస్, బేస్‌కి ఎర్త్ ఇవ్వడం. ఏడెనిమిది వోల్టుల దగ్గర ఆ జంక్షన్ తెగిపడి, ఎలక్ట్రాన్లు కొండచరియలు విరిగినట్టు దూకుతాయి. ఆ దూకడంలో క్రమం ఉండదు. ఆ క్రమం లేకపోవడమే మనకు కావలసిన సరుకు. సింథసైజర్‌లో 12 వోల్టులు ఎలాగూ ఉంటాయి, సరిపోతుంది.

కానీ ఒకే కంపెనీ, ఒకే నంబరు ట్రాన్సిస్టర్లు రెండు ఒకేలా నాయిస్ ఇవ్వవు. తయారుచేసినవాడు దీన్ని నాయిస్ కోసం చేయలేదు కదా. కోఠి గుజరాతీ గల్లీకి పోయి బీసీ547లు, 2ఎన్3904లు తలో పాతిక తెచ్చాను. బోర్డు మీద సోల్డర్ చేయకుండా సాకెట్ పెట్టి, ఒక్కొక్కటి గుచ్చి చూశాను. కొన్నిటికి గుసగుస. కొన్నిటికి ఉరుము. కొన్ని పై వైపుకు మాత్రమే దూకి, తెర మీద తెల్ల చుక్కలు ఎక్కువ, నల్లవి తక్కువగా చూపించాయి. యాభైలో నాకు నచ్చినవి ఆరు. వాటిని వేరే డబ్బాలో పెట్టి పైన "నాయిస్" అని రాశాను. అలా రాయడం ముఖ్యం. ఒకసారి తలకిందులుగా పనిచేసిన ట్రాన్సిస్టర్ గెయిన్ పడిపోతుంది, మళ్లీ ఆంప్లిఫయర్‌లో వాడితే ఎక్కడ తప్పుందో తెలియక తిప్పలు పడతారు.

4. అడ్డం తగిలేది రెసిస్టెన్సే.

చారలు ఎందుకొచ్చాయో నాకు అసలు అర్థమైంది ఇక్కడ. ఆడియో సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్‌కి కరెంటిచ్చే రెసిస్టెన్స్ 1 మెగాఓమ్. ఆ జంక్షన్ దగ్గర, వైరింగ్‌తో కలిపి, ఓ 10 పికోఫారడ్ల కెపాసిటీ ఎలాగూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే 16 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కిందికి జారిపోతుంది. అంటే నాయిస్ పుట్టినచోటే చచ్చిపోతోంది. తర్వాత ఎంత మంచి ఐసీ పెట్టినా ఏం లాభం?

రెసిస్టెన్స్‌ని 10 కిలోఓమ్‌లకు దించితే అదే హద్దు 1.6 మెగాహెర్ట్జ్‌కి పోతుంది. గింజ సన్నబడుతుంది. అయితే కరెంటు పెరిగేకొద్దీ నాయిస్ బలం తగ్గుతుంది, దాన్ని తర్వాతి దశలో పెంచుకోవాలి. సన్నదనం కావాలా, బలం కావాలా అన్నది బేరం. నేను 4.7 కిలోఓమ్‌లకు సిరీస్‌లో 47 కిలోఓమ్‌ల ప్రీసెట్ పెట్టి, తెర చూస్తూ తిప్పి ఆ బేరం తేల్చుకున్నాను.

ఇంకొకటి. సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) ప్రోబ్‌ని నేరుగా ఆ జంక్షన్ మీద పెట్టకండి. ప్రోబ్‌కే కెపాసిటీ ఉంటుంది, ఒకటికి ఒకటి స్థానంలో అది 100 పికోఫారడ్ల దాకా పోతుంది. మీరు చూడబోయిన నాయిస్‌ని మీ ప్రోబే మింగేస్తుంది. రెండు రోజులు నేను అలా మంచి ట్రాన్సిస్టర్లను చెడ్డవని పక్కన పడేశాను. బఫర్ దాటాకే కొలవాలి, పదికి ఒకటి ప్రోబ్‌తో కొలవాలి.

5. ఐసీని చూసి కాదు, లెక్క చూసి కొనండి.

ఆడియోవాళ్లు ప్రేమించే టీఎల్072కి ఒక రెట్టు దగ్గర 3 మెగాహెర్ట్జ్. వంద రెట్లు పెంచమంటే 30 కిలోహెర్ట్జ్ మిగులుతుంది, మళ్లీ చారలే. వీడియో పనికి ఎల్ఎం6172 లాంటిది కావాలి, అది 100 మెగాహెర్ట్జ్ ఐసీ. దాన్నైనా ఒకే దశలో వంద రెట్లు అడిగితే 1 మెగాహెర్ట్జే ఇస్తుంది. పది, పది చొప్పున రెండు దశలు చేస్తే ఒక్కో దశకు 10 దాకా దొరుకుతుంది. ఒకే ఐసీలో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి కాబట్టి ఖర్చూ పెరగదు.

వేగమున్న ఐసీకి కోపం కూడా ఎక్కువే. సప్లై పిన్నుల పక్కనే, అరంగుళం దాటకుండా, 0.1 మైక్రోఫారడ్ డిస్క్ కండెన్సర్లు పెట్టకపోతే అది తనంతట తాను ఊగడం మొదలెడుతుంది. తెర మీద సన్నని జాలీలాంటి అల్లిక కనిపిస్తే అది నాయిస్ కాదు, ఆసిలేషన్. పొడుగాటి ప్యాచ్ వైరు కలిపినప్పుడు మాత్రమే అలా జరిగితే, ఔట్‌పుట్‌లో సిరీస్‌గా చిన్న రెసిస్టెన్స్ పెట్టండి, 47 గానీ 75 గానీ.

6. సప్లైలో వచ్చేది మీ నాయిస్ కాదు.

ఈ పాఠం నాకు నలభై ఏళ్ల కిందటే రావాలి, వచ్చే ఉంది కూడా. అయినా తప్పాను. రెండో బోర్డు ఒక పాత అడాప్టర్ మీద నడిపాను. చుక్కలు వచ్చాయి, వాటి వెనక రెండు మసక పట్టీలు నెమ్మదిగా పైకి పాకాయి. మూడు రోజులు ట్రాన్సిస్టర్‌నే అనుమానించాను. మెయిన్స్ 50 హెర్ట్జ్, మన టీవీ ఫీల్డులు, ఫ్రేముకు రెండు చొప్పున, సెకనుకు 50. రెక్టిఫయర్ దాటాక రిపుల్ 100 అవుతుంది, అంటే ఒక ఫీల్డుకు సరిగ్గా రెండు పట్టీలు. మెయిన్స్ కాస్త అటూ ఇటూ అయినప్పుడల్లా అవి పాకుతాయి. వందలసార్లు గిరాకీల సెట్లలో ఫిల్టర్ కండెన్సర్ మార్చి బాగుచేసిన జబ్బు అది. నాయిస్ మాడ్యూల్ అనుకున్నాను కాబట్టి కళ్లకు ఆనలేదు.

ట్రాన్సిస్టర్‌కి పోయే 12 వోల్టులకు వేరేగా 100 ఓమ్‌ల రెసిస్టెన్స్, 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రాలిటిక్ పెట్టండి. అది 16 హెర్ట్జ్ పైనున్న మురికిని అణుస్తుంది. స్విచింగ్ సప్లై అయితే ఏటవాలు గీతలు రావచ్చు, దానికి ఎలక్ట్రాలిటిక్ పక్కన ఒక 0.1 కూడా జతచేయాలి. పరీక్ష తేలిక: ట్రాన్సిస్టర్‌ని సాకెట్ నుంచి పీకేయండి. తెర శుభ్రమైన బూడిద రంగుకు రావాలి. ఇంకా ఏదైనా కనిపిస్తే అది మీ సరుకు కాదు.

7. కాలిబ్రేషన్‌కి ఒక వరస ఉంది. వరస తప్పితే మొదటికొస్తారు.

వీడియో సింథ్ మాడ్యూళ్లలో ఎల్‌జెడ్ఎక్స్ ఇండస్ట్రీస్ వాడే పద్ధతి చాలామందికి ప్రమాణమైంది: 0 వోల్టులు నలుపు, 1 వోల్టు తెలుపు. ఆడియో మాడ్యూళ్లలో ప్లస్ మైనస్ 5 వోల్టులు తిరుగుతాయి, వాటిని తెచ్చి నేరుగా గుచ్చితే తెర సగం నల్లగా, సగం తెల్లగా చచ్చిపోతుంది. నాయిస్ మధ్య గీత 0.5 వోల్టుల మీద కూర్చోవాలి, అటూ ఇటూ నలుపు తెలుపుల దాకా పోవాలి, దాటకూడదు.

మొదట ఇరవై నిమిషాలు ఆన్‌లో ఉంచండి. జంక్షన్ వేడెక్కేకొద్దీ దాని వోల్టేజీ జరుగుతుంది. తర్వాత గెయిన్ ప్రీసెట్ పూర్తిగా తగ్గించి, మల్టీమీటర్ డీసీలో పెట్టి, ఆఫ్‌సెట్ ప్రీసెట్‌ని 0.50కి తెండి.

ఇక గెయిన్. ఇక్కడ చాలామంది మోసపోతారు. మల్టీమీటర్ ఏసీ రేంజ్ కొన్ని కిలోహెర్ట్జ్‌లు దాటాక చెప్పేది నమ్మలేం. సీఆర్‌ఓ మీద నాయిస్ ఎత్తు ఎంతని కంటితో చూస్తే, బ్రైట్‌నెస్ పెంచినకొద్దీ ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది. నాయిస్‌కి శిఖరం అంటూ లేదు. ఎంతసేపు చూస్తే అంత పెద్ద దూకుడు ఒకటి ఎదురవుతుంది. కాబట్టి శిఖరాన్ని కాదు, సగటు ఊపును కొలవాలి. ప్లస్ మైనస్ మూడు ఊపుల్లో 99.7 శాతం చుక్కలు ఇమిడిపోతాయి. ఆరు ఊపులు 1 వోల్టు అయితే ఒక ఊపు 0.167.

దాన్ని కొలవడానికి పాతకాలం సీఆర్‌ఓతో ఒక అందమైన ఉపాయం ఉంది. రెండు ఛానళ్లనూ ఒకే సున్నితం మీద పెట్టి, నాయిస్ ఇవ్వకుండా రెండు గీతల మధ్య దూరం 0.33 వోల్టులు ఉండేలా జరపండి. ఇప్పుడు ఒకే నాయిస్‌ని రెండు ఛానళ్లకూ ఇవ్వండి. రెండు మసక మేఘాలు, మధ్యలో ఒక చీకటి పట్టీ. గెయిన్ ప్రీసెట్‌ని నెమ్మదిగా పెంచుతూ పోతే ఆ చీకటి పట్టీ సన్నబడి, ఒక చోట సరిగ్గా మాయమవుతుంది. అక్కడ ఆపండి. గీతల మధ్య దూరం రెండు ఊపులకు సమానమైన చోటు అది. డిజిటల్ సీఆర్‌ఓ ఉన్నవాళ్లు ఏసీ కప్లింగ్‌లో ఆర్‌ఎంఎస్ అంకె చూసుకోవచ్చు. నాకు మాత్రం ఆ చీకటి మూసుకుపోయే క్షణం చూడటమే ఇష్టం. మా పిల్లకి మొదటిసారి చూపించినప్పుడు తనే ప్రీసెట్ తిప్పి, ముందుకూ వెనక్కూ పదిసార్లు చేసి చూసుకుంది.

గెయిన్ పెట్టాక ఆఫ్‌సెట్ మళ్లీ చూడండి, కాస్త జరిగి ఉంటుంది. చివరి పరీక్ష తెర మీద: ముందుపలక గెయిన్ నాబ్ తిప్పితే చుక్కలు పెరగాలి, తెర మొత్తం వెలుగు మారకూడదు. వెలుగు పెరిగితే చుక్కలు ఒకవైపు గోడకు కొట్టుకుంటున్నాయని అర్థం. ఆఫ్‌సెట్‌కి లొంగకపోతే ట్రాన్సిస్టర్ మార్చండి.

8. తెర కూడా అబద్ధం చెబుతుంది.

ఇప్పటి ఎల్‌సీడీ టీవీలకు నాయిస్ రిడక్షన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మన కష్టాన్ని అది తుడిచేసి నున్నటి బూడిద చూపిస్తుంది. ముందు దాన్ని ఆపాలి, షార్ప్‌నెస్‌ని కిందికి తేవాలి. నేను దుకాణం మూసినప్పుడు అమ్మకుండా ఉంచుకున్న 14 అంగుళాల పిక్చర్ ట్యూబు సెట్టు మీదే కాలిబ్రేట్ చేస్తాను. రికార్డు చేసేటప్పుడు మరో చిక్కు. వీడియో ఫైళ్లను కుదించే పద్ధతులు చాలావరకు పక్క చుక్కను, ముందు ఫ్రేమును చూసి ఊహించడం మీద నడుస్తాయి. మన చుక్కను ఊహించడం ఎవరి తరమూ కాదు, అందుకే బొమ్మంతా గచ్చు పలకల్లా పగిలిపోతుంది. కుదింపు తక్కువ పెట్టి తీయండి, ఫైలు పెద్దదైనా సరే.

9. లెక్కతో పుట్టే చుక్కలూ ఉన్నాయి.

షిఫ్ట్ రిజిస్టర్ చివరి నుంచి రెండు కాళ్లు తీసి, ఎక్స్‌క్లూజివ్ ఆర్ గేటు గుండా మొదటికి తిప్పి ఇస్తే, చూడ్డానికి అస్తవ్యస్తంగా ఉండే వరస వస్తుంది. 17 దశల రిజిస్టర్‌కి 1,31,071 అడుగుల తర్వాత అదే వరస మళ్లీ మొదలు. 10 మెగాహెర్ట్జ్ మీద అది 13.1 మిల్లీసెకన్లు. ఫీల్డు 20 మిల్లీసెకన్లు కాబట్టి పైన కనిపించిన అల్లికే 205 గీతల కింద మళ్లీ కనిపిస్తుంది. కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది. నాలుగు 74హెచ్‌సీ164లు పెట్టి 31 దశలు చేస్తే, 28వ, 31వ కాళ్లు తీసుకుంటే, తిరిగి రావడానికి మూడున్నర నిమిషాలు. అన్నీ సున్నాలైతే మాత్రం ఎప్పటికీ సున్నాలే, ఆన్ చేయగానే ఒక ఒకటిని లోపలికి నెట్టే ఏర్పాటు ఉండాలి. మా మాడ్యూల్‌లో రెండు రకాలూ ఉన్నాయి. ట్రాన్సిస్టర్ చుక్కలు ఇసకలా, రిజిస్టర్ చుక్కలు ముగ్గుపిండి చల్లినట్టు ఉంటాయి.

10. సింక్ జోలికి పోవద్దు.

కాంపోజిట్ వీడియో 1 వోల్టులో బొమ్మది 0.7, మిగతా 0.3 సింక్‌ది. నాయిస్‌ని నేరుగా ఆ తీగకు కలిపితే సింక్ చెదిరి బొమ్మ దొర్లుతుంది. ఎన్‌కోడర్‌కి ముందే కలపండి.

11. కళ్లను కాపాడండి.

నాయిస్‌ని ఒక్కో గీతకు ఒకసారి పట్టి ఉంచితే చారలు, ఒక్కో ఫీల్డుకు ఒకసారి పట్టి ఉంచితే తెరంతా మినుకుమినుకు. ఈ రెండోది చూడటానికి గొప్పగా ఉంటుంది, కొందరికి ప్రాణాపాయం. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక పిల్లల కార్టూన్‌లో సెకనుకు 12 సార్లు ఎరుపు నీలాలు మెరిసినందుకు దాదాపు 700 మంది ఆసుపత్రుల పాలయ్యారు. మా మాడ్యూల్‌లో ఫీల్డు ఔట్‌పుట్‌ని సగం ఎత్తుకే పరిమితం చేశాను. అది పెంచుకునే ప్రీసెట్ పెట్టమని పిల్ల అడిగింది, నేను పెట్టలేదు. నలుగురి ముందు ప్రదర్శించేటప్పుడు గుమ్మం దగ్గరే బోర్డు రాసి పెట్టమ్మా అని కూడా చెప్పాను.

12. విలువలు రాసి, పెట్టెలోనే పెట్టండి.

షికాగోలోనే డాన్ శాండిన్ అనే ఆయన 1971 నుంచి 1973 దాకా ఇమేజ్ ప్రాసెసర్ అనే వీడియో సింథసైజర్ కట్టి, ఆ సర్క్యూట్ కాగితాలన్నీ కట్టుకోదలచినవాళ్లకు ఇచ్చేశాడు. వాటిని అలా సిద్ధం చేయడంలో ఫిల్ మార్టన్ తోడున్నాడు. ఈ సంగతి పిల్ల చెప్పగా విన్నాను. మా కాలంలో సర్వీస్ మాన్యువల్ దొరకడమే గగనం. దొరికినవాడు తాళం వేసి దాచుకునేవాడు, నేనూ దాచుకున్నాను.

ఇప్పుడు పెట్టె మూత లోపలి వైపు ఒక అట్ట అంటించాను. ఏ ట్రాన్సిస్టర్, బయాస్ ప్రీసెట్ ఎన్ని కిలోఓమ్‌ల దగ్గర ఆగింది, ఆఫ్‌సెట్ ఎంత, కాలిబ్రేట్ చేసిన తేదీ, ఆ రోజు గదిలో ఎంత వేడి, అన్నీ ఉన్నాయి. సాకెట్ పక్కన అదే జాతివి మరో రెండు ట్రాన్సిస్టర్లు టేపుతో అతికించాను. జనవరిలో షికాగోలో మంచు పడుతున్న రోజు పిల్ల ఫోన్ చేసింది. "చిన్నతాతయ్యా, గది చల్లగా ఉంది, చుక్కలు కాస్త నల్లబడ్డాయి" అంది.

"ఇరవై నిమిషాలు ఆగావా?"

"లేదు."

"ఆగు తల్లీ. ఆగి, మల్టీమీటర్ తీసుకో."

ఫోన్ పెట్టకుండా ఇద్దరం ఆ ఇరవై నిమిషాలూ కూర్చున్నాం. తర్వాత తను అంకె చదివింది: 0.49. అర చుట్టు తిప్పమన్నాను.